సింథసైజర్ వాన

ఒక్క సింథసైజర్‌తో సినిమాలకు సినిమాలే నడిపించిన ఆ సంగీత దర్శకుడికి ఇప్పుడు పని లేదట. నిన్న ఫోన్‌లో ఆయన ఇంటర్వ్యూ చూశాను. మాటల మధ్యలో సింథసైజర్ మీద ఒక మీట నొక్కి వాన చప్పుడు కురిపించాడు.

మన టేపు రికార్డరు రోజుల్లో ఆయన పాట మొదట్లో కురిసే ఆ వాన గుర్తుందా? మా కంబదూరులో వానల్లేక వేరుశనగ పైరు వాడిపోతున్న ఏడు, మధ్యాహ్నం ఆ క్యాసెట్ పెట్టాను. కునుకు తీస్తున్న నాయన ఉలిక్కిపడి వాకిట్లోకి పరుగెత్తాడు. మండే ఎండలో చెయ్యి చాపి నిలబడ్డాడు.

"యాడ పడతాండాది పాపా వాన?"

"పాటలో నాయనా!" అంటూ పడీ పడీ నవ్వాను.

ఆయన నవ్వలేదు. "ఇంగోసారి పెట్టు" అన్నాడు.

నిన్న నేనూ, తెలిసి తెలిసీ, కిటికీలోంచి చెయ్యి చాపాను. నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇంకోసారి పెట్టుకున్నాను.