అంజీర నీళ్ళూ, ఎర్ర గొడుగూ

ఊరంతా పొగమంచు కింద ముసుగుతన్ని పడుకున్న వేళ, అతను ఆ మంచుకి పైన కూర్చుని ఉండేవాడు. రెండు వందల నలభై మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కితే వచ్చే గాజు గది, క్రేన్ క్యాబిన్. ఒక కుర్చీ, రెండు లివర్లు, ఒక వాకీటాకీ. అంతకుమించి చోటు లేదు. ఒక్కోరోజు పొద్దున్నే మబ్బుతునక ఒకటి దారితప్పి కిటికీలోంచి లోపలికి వచ్చేది. కాసేపు అతని ఒళ్ళో కూర్చుని, చొక్కా తడిపి వెళ్ళిపోయేది. అతను వద్దనేవాడు కాదు.

కింద పనిచేసేవాళ్ళు అతనికి పైవాడు అని పేరు పెట్టారు. ఇనుప కడ్డీలు అందడం ఆలస్యమైతే అంతా పైవాడి దయ అని నవ్వుకునేవారు. అతనూ నవ్వేవాడు గానీ, అంత ఎత్తునుంచి ఆ నవ్వు ఎవరికీ వినపడేది కాదు.

ఈ పైవాడికి ఒక కష్టం ఉంది. చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే నరకం. మలబద్ధకం. మూడు రోజులకోసారి, ఒక్కోసారి ఐదు రోజులకోసారి. పొద్దున్న బాత్రూంలోకి వెళ్ళాడంటే ఇక అంతే సంగతులు. కూతురు ఆఫీసుకి వేళవుతోందని తలుపు కొట్టీ కొట్టీ, చివరికి పక్కింట్లో స్నానం చేసి వెళ్ళేది. నాన్న లోపల పేపరు చదువుతున్నాడనుకునేది పాపం. ఏ సంగతైనా కడుపులో దాచుకునే మనిషికి ఇంతకంటే తగిన జబ్బు ఇంకేం వస్తుంది?

ఇందులో విడ్డూరం ఏమిటంటే, అతని భార్యది పళ్ళ కొట్టు. అదీ ఎక్కడో కాదు, ఇప్పుడతను పనిచేస్తున్న కట్టడానికి రెండు వీధుల అవతల. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. బొప్పాయిలు, జామకాయలు, బేరిపండ్లు, అంజీరలు ఇంట్లో కాళ్ళకి అడ్డం పడుతుండేవి. అతను మాత్రం రెండు ఎండు రొట్టెలు కాగితంలో చుట్టుకుని వెళ్ళేవాడు. పండంటే నీళ్ళు, నీళ్ళంటే దిగడం. పొద్దున ఎక్కింది మొదలు మధ్యాహ్నం షిఫ్టు ముగిసేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. మిగతా ఆపరేటర్లు పక్కన ఖాళీ సీసా ఒకటి ఉంచుకుంటారు. సీసాతో గట్టెక్కే పనులున్నాయి, గట్టెక్కనివీ ఉన్నాయి.

పద్దెనిమిదేళ్ళ కిందట, పనిలో చేరిన కొత్తలో, ఒకసారి షిఫ్టు మధ్యలో దిగాడు. కాంక్రీటు బకెట్ గాల్లో పెట్టకుండా జాగ్రత్తగా నేలమీద దింపే వచ్చాడు. అయినా ముప్పైమంది చేతులు ముడుచుకుని నిలబడ్డారు. అప్పటి ఫోర్‌మన్ అందరూ వినేలా, దొరగారి కడుపు కోసం మేడ ఆగింది అన్నాడు. ముప్పైమందీ నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి మళ్ళీ మధ్యలో దిగలేదు. ఆ ఫోర్‌మన్ ఎప్పుడో పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం అతను ఏ క్రేన్ ఎక్కినా క్యాబిన్‌లోనే ఉండిపోయింది.

ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షలో గుట్టు బయటపడింది. ముక్కీ ముక్కీ లోపల చర్మం చిట్లింది, రక్తం పడుతోంది. నిచ్చెన మీద రెండుసార్లు కళ్ళు తిరిగాయని కూడా డాక్టరమ్మ అతని చేత కక్కించింది. పూతమందు రాసిచ్చింది. పళ్ళు తినమంది, నీళ్ళు తాగమంది, వచ్చినప్పుడు బిగబట్టుకోవద్దంది. మూడు వారాల్లో కుదుటపడకపోతే పైకి ఎక్కడానికి సంతకం పెట్టనని ఖచ్చితంగా చెప్పేసింది.

కింద ఉండి చేసుకునే పనులు బోలెడున్నాయని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళకేం తెలుసు? పైన పొద్దున్నే ఊరు కనపడదు. మంచులోంచి తేలిన నాలుగైదు క్రేన్లు మాత్రం ఒకదాన్నొకటి చూసుకుంటూ మెల్లగా మెడలు తిప్పుతుంటాయి. తర్వాత ఒక్కో ఇంటి కప్పూ పైకి తేలుతుంది. చివరికి అతని భార్య కొట్టుమీద ఎండకి కట్టిన పసుపుపచ్చ పట్టా కనపడుతుంది. పది గంటలకి ఆమె పళ్ళమీద నీళ్ళు చిలకరిస్తే అక్కడ ఓ మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపు కోసం చూస్తుంటానని అతను ఆమెకి ఏనాడూ చెప్పలేదు. అది పోతుందంటే అతనికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మొహం చెల్లక, కొట్టులో ఖాళీ బుట్టల వైపు తిరిగి సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ నేనే చెబుతున్నాను, కడుపు కదలకపోతే ఇది తినండి, అది తినండి అని," అంది. "నా మొగుడికి చెప్పే భాగ్యం మాత్రం లేకపోయింది."

మర్నాటినుంచి నడుం బిగించింది. రాత్రి భోజనం తర్వాత బాగా మాగిన బొప్పాయి ముక్కలు. పొద్దున తొక్కతోనే ఉడికించిన బేరిపండు, మీద గుప్పెడు ఎండుద్రాక్ష. వెంట ఒక డబ్బా. అందులో నాలుగు అంజీరలు, రాత్రంతా నానినవి, అవి నానిన తేనెరంగు నీళ్ళతో సహా. నీళ్ళు వదలకుండా తాగాలని మరీ మరీ చెప్పింది. అతను బుద్ధిమంతుడిలా తలూపాడు.

వారం గడిచింది. కదలలేదు సరిగదా, కడుపు రాయిలా బిగుసుకుంది. ఆమె తన అంజీరల్నే అనుమానించింది. ఒకదాన్ని చీల్చి వాసన చూసింది, కొరికి చూసింది, వేరే చోటినుంచి కొత్తవి తెప్పించింది. పళ్ళమ్మే మనిషికి అంతకంటే అవమానం ఉంటుందా? రెండో వారం మధ్యలో అతను డబ్బా మరిచిపోతే తనే పట్టుకుని కట్టడం దగ్గరికి వెళ్ళింది.

క్రేన్ అడుగున సిగ్నల్ తమ్ముడు నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. కిందినుంచి వాకీటాకీలో ఎత్తు, దించు అని చెప్పేది అతనే. పైవాడు తమ్ముడూ అని పిలవడంతో అందరికీ తమ్ముడైపోయాడు. ఆమె డబ్బా అతని చేతికిస్తూ కిందికి చూసింది. నిచ్చెన మొదట్లో, సిమెంటు దిమ్మ పక్కన, చీమలు. ఒకటీ రెండూ కాదు, బారులు బారులు. ఇసుకా ఇనుమూ తప్ప ఏమీ లేని చోట వాటికేం పనని అడిగింది.

"అన్న రోజూ ఎక్కే ముందు ఇక్కడ తియ్యటి నీళ్ళు పారబోస్తాడు వదినా," అన్నాడు అతను.

అంటే పండు అతనికి, నీళ్ళు చీమలకి. చీమలు మాత్రం సుఖంగా ఉన్నాయి. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వాకీటాకీ లాక్కుని దులిపేద్దామనుకుంది. తలెత్తి చూస్తే క్యాబిన్ గాజులో తెల్లటి మబ్బు ఒకటి ఆగి ఉంది. లోపల అతను వేలెడంత కూడా లేడు. ఏమీ అనకుండా తిరిగి వచ్చేసింది.

సాయంత్రం బొప్పాయి కోస్తూ, పైనుంచి ఏమేం కనపడతాయి అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతను కలలో మాట్లాడేవాడిలా చెప్పుకుంటూ పోయాడు. మంచు, కప్పులు, పసుపుపచ్చ పట్టా, పదింటి మెరుపు. తర్వాత మనుషులు. వెల్డింగ్ ఆయన పొద్దున్నుంచి మూడుసార్లు నీలం తలుపుల మరుగుదొడ్డి వైపు వెళతాడు. కడ్డీలు కట్టే ముసలాయన తొమ్మిదిన్నరకి వెళితే పావుగంటదాకా రాడు. తమ్ముడు పరుగున వెళ్ళి పరుగున వస్తాడు. ఆ కాసేపూ కొక్కెం గాల్లో ఊరికే ఆగి ఉంటుంది.

"వాళ్ళట్లా వెళుతుంటే మీకు కోపం రాదా?" అంది.

"కోపమెందుకు? మనుషులన్నాక..." అని ఆగిపోయాడు.

ఆమె బొప్పాయి ముక్క చేతిలో పెట్టింది. రేపటినుంచి పదింటికి కొట్టు ముందు ఎర్ర గొడుగు తెరుస్తానని, అది కనపడితే దిగమని, వచ్చినా రాకపోయినా దిగమని చెప్పింది. చీమల సంగతి ఎత్తలేదు. అతనికి అర్థమైంది.

మర్నాడు నిచ్చెన మొదట్లో నిలబడి అంజీర నీళ్ళు చివరిచుక్కదాకా తాగాడు. పైన మరో సీసా మంచినీళ్ళు. పదింటికి పట్టా పక్కన ఎర్రటి చుక్క విచ్చుకుంది. కొక్కెం ఖాళీ చేయించి వాకీటాకీ నొక్కాడు.

"తమ్ముడూ, దిగుతున్నాను."

"మెల్లగా దిగన్నా. మేమెక్కడికీ పోం," అన్నాడు తమ్ముడు.

ముప్పైమంది నీడ చూసుకుని కూర్చున్నారు. అనుకోకుండా దొరికిన విశ్రాంతికి సంతోషించారు కూడా. ఒకరిద్దరు నవ్వారు, అతని గురించి కాదు. తీరా ఆ రోజు కడుపు కదలనే లేదు. మర్నాడూ లేదు. నాలుగో రోజు కదిలింది. నీలం తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడు అతని మొహం చూసి, పైవాడు నేలమీదికి దిగి వచ్చాడని వెల్డింగ్ ఆయన అన్నాడు. అతను గట్టిగా నవ్వాడు. ఈసారి అందరికీ వినపడింది.

మూడో వారం చివర డాక్టరమ్మ పుండు మానుతోందని చూసి, ఈ పద్ధతి వదలొద్దని చెప్పి సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని తిన్నగా కొట్టుకి వచ్చాడు. ఆమె రెండుసార్లు చదివి, తడవకుండా తక్కెడ కింద పెట్టింది. అప్పుడతను చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాడు. తను దిగడానికి పదింటికి గొడుగు తెరిస్తే చాలు కదా, మళ్ళీ పైకి చేరి పని మొదలుపెట్టేదాకా ఎందుకు మూయదు?

"కొక్కెం కదిలాక మూస్తాను," అంది ఆమె, జామకాయలు సర్దుతూనే. "అది కదిలితే మీరు క్షేమంగా ఎక్కినట్టు. మీరు ఈ కట్టడానికి వచ్చిన రెండేళ్ళనుంచీ రోజూ పొద్దున అది కదిలాకే బేరం మొదలుపెడుతున్నాను."

అతను పట్టా కింద కాస్త చోటు చేసుకుని ఆమె పక్కన కూర్చుని, ఆమె కోసిచ్చిన బేరిపండు తొక్కతో సహా తిన్నాడు.