ఎటెల్కాకు వాసన పోయిన ఏడాది

తాల్యా ఊళ్లో మా వైన్ నేలమాళిగలో ముప్ఫై ఏళ్లుగా ఎటెల్కాదే ఆఖరి మాట. తీగ మీదే బూజు పట్టి ఎండిన ద్రాక్షతో చేసే తీపి వైన్ ఏ పీపాలో పక్వానికి వచ్చిందో ఆవిడే తేల్చాలి. ఒక్క గుక్క నోట్లో తిప్పి, "దీనికింకా కుర్రతనం పోలేదు" అనేది. పీపాలు కడుగుతూ ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆవిడ జ్వరపడి లేచింది. మార్చిలో, సీసాల్లోకి దించాల్సిన పీపా ఎంచమని యజమాని ఓడోన్ చెప్పి పైకి వెళ్లాడు. ఆవిడ నాలుగో పీపాలోది గ్లాసులో పోసుకుని తాగింది.

"ఆప్రికాట్ వాసన, చివర్లో తేనె. ఇదే దించుదాం."

మిగిలింది నేను తాగాను. గోళ్లరంగు వాసన, వెనకాలే వెనిగర్ ఘాటు.

"అక్కా, ఇది పాడైంది."

"పాడైంది నీ ముక్కు. నిన్నగాక మొన్న వచ్చి నాకు చెప్తావా?"

మళ్లీ తాగింది. మెట్లవైపు ఓసారి చూసి, పెట్టె మీద కూలబడింది.

"జ్వరం తగ్గాక ఏ వాసనా తెలీట్లేదే జోఫీ. ఉల్లిపాయ కోసి ముక్కుకి రుద్దుకున్నా. మా ఆయన పోయినప్పటి నుంచి ఉతక్కుండా దాచిన చొక్కాలో మొహం పెట్టా. ఏమీ లేదు. ఇది తాగితే పంచదార నీళ్లలా ఉంది."

"డాక్టరేమన్నాడు?"

"తిరిగి రావచ్చు, రాకపోవచ్చట. నువ్వు వాసన చూసి నాకు చెప్పు. ఓడోన్‌కి నేను చెప్తాను. ఎవరికీ తెలియనివ్వకు."

ఒప్పుకున్నాను. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చాం. మేలో ఒక పీపాలోది రుచి చూసి "బాగుంది" అన్నాను. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బాగుంటే ఎలా బాగుంది? ఏ పండు? పచ్చిదా, మాగిందా? సరిగ్గా చెప్పవే."

నేను ఇంకో గుక్క తాగి, మళ్లీ "బాగుంది" అనే అన్నాను. "ఇలా లాభం లేదే" అని నా చెయ్యి వదిలేసి, మెట్లెక్కి, తనకి వాసన పోయిందని ఓడోన్‌కి ఆవిడే చెప్పేసింది.

"మరి ఇన్నాళ్లూ పీపాలు ఎంచిందెవరు?" అన్నాడతను.

"ఇదిగో, ఇది" అని నన్ను చూపించింది.

ఆవిడ పని నాకిచ్చాడు. అక్టోబరులో ఆవిడ తోటలోకి ఎండిన ద్రాక్ష ఏరడానికి వచ్చింది. వేళ్లతో నొక్కి మంచిదేదో చెప్పగలిగేది. మూడో రోజు ఒక పండు చాలాసేపు నమిలి, ఉమ్మేసి, బకెట్టు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఆ చలికాలం కొత్త వైన్ పీపాలు చూద్దువు రమ్మని పిలవడానికి వాళ్లింటికి వెళ్లాను.

"అక్కడ నాకేం పనుందే" అని తలుపేసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు విని వెనక్కి వచ్చేశాను.