ఏడాదికొక్క రోజు యజమాని

మొగులయ్యకు ఒక్క విషయంలో మాత్రం ఎన్నడూ అనుమానం లేదు. చేను పాలుకిచ్చినవాడు చేను పోగొట్టుకోడు. వాళ్ల నాయన పాలుకిచ్చాడు, తాత పాలుకిచ్చాడు. ఒకడు సేద్యం చేస్తాడు, పంటను ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. చేసేవాడు చేతగాక వదిలేసి పోయాడా, చేను ఇచ్చినవాడి చేతికే తిరిగొస్తుంది. పాశమైలారంలో ఇది పిల్లలకు కూడా తెలుసు.

మందుల ఫ్యాక్టరీ కోసం మొగులయ్య చేను ఇచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇచ్చాడంటే అమ్మాడు, సంతకమూ పెట్టాడు. ఊళ్లో చాలామంది అమ్మారు. ఆ డబ్బుతో ఒకడు స్కూటరు కొన్నాడు, ఇంకొకడు తాగి తగలేశాడు. మొగులయ్య మాత్రం పటాన్‌చెరు బస్టాండు పక్కన బల్ల వేసుకుని షేర్ల ఫారాలు నింపే వీర్రాజు మాట విని, అదే కంపెనీ షేర్లు కొన్నాడు.

"మీ పొలం ఎక్కడికీ పోదండి మొగులయ్యగారూ. అది కంపెనీలో ఉంటుంది, కంపెనీలో మీరూ ఉంటారు" అన్నాడు వీర్రాజు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి, మాటకారి. మొగులయ్యకు సంగతి ఇట్టే అర్థమైపోయింది. అర్థం కాకుంటేనే బాగుండేది.

ఒకసారి వీర్రాజు అతన్ని హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చూపించడానికి కూడా తీసుకెళ్లాడు. పెద్ద హాల్లో, చొక్కాలు చెమటకు తడిసిన మనుషులు చేతులు ఊపుతూ గొంతులు చించుకుంటున్నారు. పశువుల అంగడిలో కూడా అంత గోల ఉండదు. ఆ గోలలో తన కంపెనీ పేరు వినిపించింది. ఎవరో అమ్మారు, ఎవరో కొన్నారు. పట్నం నడిబొడ్డున తన చేనును పేరు పెట్టి పిలుస్తున్నారని మొగులయ్య ఒళ్లు పులకరించింది.

ఏడాదికోసారి వాటాదారుల మీటింగు ఫ్యాక్టరీ షెడ్డులోనే జరిగేది. మిగతా రోజులన్నీ అక్కడే డ్రమ్ములు మోసే మొగులయ్య, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరస కుర్చీలో కూర్చునేవాడు. "ఈ కంపెనీకి మీరే యజమానులు" అనేవాడు డైరెక్టరు. స్వీటు ప్యాకెట్లు పంచేవాళ్లు. మర్నాడు పొద్దున సూపర్‌వైజరు ఆ యజమానిగారినే బండబూతులు తిట్టి డ్రమ్ములు ఎత్తించేవాడు. పాలుకు చేసేవాడు చేను ఇచ్చినవాణ్ని తిట్టడం ఏ ఊరి రివాజో మొగులయ్యకు అంతుబట్టలేదు. పెద్దోళ్ల పద్ధతి అంతేనేమో అని సర్దుకున్నాడు.

తర్వాత మీటింగులు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ మూతబడింది, అప్పిచ్చిన బ్యాంకు వచ్చి తాళం వేసింది. కూలీలంతా దిగులుగా తలో దిక్కు పోతుంటే మొగులయ్య లోలోపల సంబరపడ్డాడు. చేసేవాడు వదిలి పోయాడు కదా. బ్యాంకువాళ్లు వాచ్‌మన్ కోసం చూస్తున్నారనగానే పరుగున వెళ్లి చేరి, భార్య మల్లమ్మతో గేటు పక్క గదిలో కాపురం పెట్టాడు. చుట్టాల పెళ్లిళ్లకు పోయినా అన్నం తిన్న చేయి ఆరకముందే తిరిగొచ్చేవాడు. చేను తిరిగొచ్చే వేళకు తను అక్కడ లేకపోతే ఎట్లా?

ఈ ఏడు బ్యాంకు ఆ స్థలాన్ని వేలం వేసింది. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీ ఒకటి కొనుక్కుని, ఆదివారానికల్లా గది ఖాళీ చేయమంది. మల్లమ్మ చిట్కుల్‌లో కిరాయి గది చూసొచ్చి గిన్నెలు మూటకట్టసాగింది.

"జెర ఆగు. చేను ఇచ్చినోన్ని అడగకుంట ఎట్ల అమ్ముతరు? ఎక్స్ఛేంజికి పోయి అడిగొస్త" అన్నాడు మొగులయ్య.

"ఎన్నేండ్ల సంది గిదే మాట. ఒక్కనాడన్న నీకు గింజ వచ్చిందా ఆ చేన్ల నుంచి?" అంది మల్లమ్మ, మూట ముడి బిగిస్తూ.

హైదరాబాద్‌లో ఆ వీధి దొరికింది గానీ ఎక్స్ఛేంజ్ దొరకలేదు. ఎవరిని అడిగినా అలాంటిది ఇక్కడ లేదన్నారు. ఒక ముసలి జిరాక్సు కొట్టతను మాత్రం, "అది బందయి జమానా అయింది కాకా" అన్నాడు. అంగడిలో ఒక కొట్టు మూతబడటం మొగులయ్యకు తెలుసు. అంగడికి అంగడే లేచిపోతే, అందులో పిలిచిన పేర్లన్నీ ఎవరి దగ్గర ఉంటాయి?

తిరుగుదారిలో కిష్టారెడ్డిపేటలో దిగి, ఇప్పుడు ప్లాట్ల బేరాలు చేసుకుంటున్న వీర్రాజును పట్టుకున్నాడు.

"కంప్యూటర్లు వచ్చాయండి. హాల్లో అరుపులు ఆగిపోయాయి, బేరాలన్నీ బొంబాయి వైపు పోయాయి. మన ఎక్స్ఛేంజీకి పని లేకుండా పోయింది, చివరికి గుర్తింపూ పోయింది. మీ కంపెనీ సరేసరి" అన్నాడు వీర్రాజు.

"కంపెనీ పోతే పోనీ. నా చేను సంగతేంది?"

వీర్రాజుకు అప్పటికి గానీ విషయం బోధపడలేదు. తాగుతున్న టీ కింద పెట్టేశాడు. "చేను అమ్మేశారు కదండీ. షేరంటే కంపెనీలో వాటా. లాభమొస్తే లాభంలో, మునిగితే మునకలో. మట్టిలో కాదండి."

"నువ్వే అంటివి గద, పొలం యాడికీ పోదని."

"అన్నాను" అన్నాడు వీర్రాజు.

మొగులయ్యకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వీర్రాజు అబద్ధం చెప్పాడా, తనే తప్పుగా విన్నాడా? ఇంటికొచ్చి మల్లమ్మకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ముందు తనకు అర్థం కావాలి కదా.

ఆదివారం ఆటో వచ్చింది. మల్లమ్మ మూటలు ఎక్కించి కూర్చుంది. తాళాలు తీసుకోవడానికి వచ్చిన కొత్త కంపెనీ మేనేజరు రాకేష్, కారు దిగిన ఒక జంటతో మాట్లాడుతున్నాడు. ఇంకా పునాదే తీయలేదు, అప్పుడే అమ్మకాలు.

"ఫ్లాట్ ఒక్కటే కాదు సార్. కింద భూమిల గూడ మీకు వాటా ఉంటది. మీ పేరు మీదనే రిజిస్ట్రేషన్. రేపు బిల్డింగ్ లేకున్నా భూమి మీదే."

ఆ జంట పక్కకు వెళ్లేదాకా ఆగి, మొగులయ్య రాకేష్ దగ్గరికి పోయాడు.

"బిడ్డా, పైన కట్టింది పోయినా భూమి వాటాదార్లదేనా?"

"అవ్ పెద్దాయనా."

"నడుమ కంపెనీ ఎత్తిపోతే?"

"కంపెనీతోని ఏం పని? భూమి భూమే గద."

ముప్పై ఏళ్లుగా తను అంటున్న మాట, మల్లమ్మ కూడా నమ్మని మాట. ఇది నిజమైతే తన చేను ఎందుకు రాలేదు? అబద్ధమైతే ఈ పిల్లవాడు ఇంత ధీమాగా ఎట్లా చెబుతున్నాడు? మొగులయ్యకు ఏడుపొచ్చింది.

అతని మొహం చూసి రాకేష్ మెత్తగా అడిగాడు. "మీకేమన్న ఫ్లాట్ కావాల్నా పెద్దాయనా? లోన్ గూడ ఇప్పిస్తం."

మొగులయ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, తాళాలగుత్తి అతని చేతిలో పెట్టి, వచ్చి ఆటో ఎక్కాడు.

"ఏమన్నడు?" అంది మల్లమ్మ.

"నేను చెప్పిందే నిజమన్నడు" అన్నాడు మొగులయ్య.