కామా మేడమ్ సంతకం పెట్టనన్న రోజు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ కామా మేడమ్ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఒప్పందంలో కామా ఉండాల్సిన చోట కాక పక్కన పడిందని, కారెక్కబోతున్న ఎండీగారిని మెట్ల మీద ఆపి మరీ దిద్దించింది. ఆ పేరు అప్పుడు అంటుకుంది. మొదట్లో వెనకాల అనేవాళ్లు, పోను పోను ముఖం మీదే అన్నారు. ఆవిడా పలకడం అలవాటు చేసుకుంది.

వాళ్లది బేకరీలకి పెద్ద పెద్ద ఓవెన్లు తయారుచేసే కంపెనీ. కొనేవాళ్లతో రాసుకునే ఒప్పందాలన్నీ ఆవిడ చూడాలి. సరుకు ఎప్పటికి ఇస్తాం, పాడైతే బాగుచేసేది ఎవరు, మాట తప్పితే ఏమవుతుంది, ఇవన్నీ కాగితం మీద సరిగ్గా పడ్డాయో లేదో చూసి, తర్వాత అలాగే జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. గది మెట్ల కింద. తలుపు తీస్తే బీరువాకి తగిలేది, బీరువా తీస్తే కుర్చీకి తగిలేది. ఇద్దరొస్తే ఒకరు బయట నిలబడాలి. ఇద్దరు రావడమంటూ ఎప్పుడూ జరగలేదు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. అమ్మకాలవాళ్లు కాగితాలు బల్ల మీద పడేసి పోయేవాళ్లు. ఏమైనా అడిగితే, "మీరు ఫైల్లో పెట్టేసుకోండి మేడమ్" అనేవాళ్లు.

అలాంటి రోజుల్లో కొత్త చట్టం వచ్చింది. జనానికి వాటాలు అమ్మిన కంపెనీలు మూడు నెలలకోసారి లెక్కలు చెప్తాయి కదా, ఆ లెక్కలు నిజమేనని ఇక నుంచి కంపెనీ పెద్దలు స్వయంగా సంతకం పెట్టాలి. తర్వాత తప్పని తేలితే, కిందివాళ్లు చేశారు, నాకు తెలీదు అంటే కుదరదు. తెలిసి తెలిసి అబద్ధానికి సంతకం పెట్టినవాళ్లకి జైలు. ఎండీగారు నెమ్మదస్తుడు. ఆ చట్టం చదువుతూ టీ తాగడం మర్చిపోయాడని అందరూ చెప్పుకున్నారు. మర్నాడు విభాగాలవాళ్లని పిలిచి, "నేను పైన పెట్టాలంటే ముందు మీరు కింద పెట్టాలి" అన్నాడు.

కామా మేడమ్ సంతకం పెట్టాల్సింది ఒక్క వాక్యానికి. రాసుకున్న ఒప్పందాలు తప్ప, కొన్నవాళ్లకి విడిగా ఇచ్చిన హామీలేవీ తన ఎరుకలో లేవని.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పింది. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆవిడ, సిటీ బస్సు నడిపే భర్త, ఆయన తల్లి.

"అయితే నిన్ను జైల్లో వేస్తారా అమ్మాయ్?" అంది అత్తగారు.

"తప్పుడు సంతకం పెడితేనే అత్తయ్యా."

"అక్కడ భోజనం ఎలా ఉంటుందో?"

"మీరు వండినట్టు మాత్రం ఉండదు."

"అయితే వెళ్లకు" అని కంచంలో ఇంకాస్త కూర వేసింది అత్తగారు.

భర్త నవ్వుతూనే అన్నాడు. "బ్రేకులు బాగున్నాయని నేను రోజూ సంతకం పెట్టి బండి తీస్తాను. తొక్కి చూడందే మాత్రం పెట్టను. నువ్వూ ఒకసారి తొక్కి చూడు."

ఆ మాట ఆవిడకి నచ్చింది. మర్నాటి నుంచి ఈమధ్య ఓవెన్లు కొన్నవాళ్లందరికీ వరసగా ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. "ఒప్పందంలో లేనిది మావాళ్లు ఇంకేమైనా చేస్తామన్నారాండీ?" అని అడిగేది. చాలామంది లేదన్నారు. ఒకాయన, మీ అమ్మకాలబ్బాయి మా అమ్మాయి పెళ్లికి వస్తానని రాలేదు, అది కూడా రాసుకోండి అన్నాడు. అది కంపెనీ లెక్కల్లోకి రాదని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఊళ్లో నాలుగైదు బేకరీలున్న ఒకావిడ మాత్రం చాలా మామూలుగా చెప్పింది. "అన్నీ ఒప్పందంలో ఉన్నవేనమ్మా. ఆ, ఆరు నెలల్లో నచ్చకపోతే ఓవెన్లు వెనక్కి తీసుకుంటానన్నాడు కదా మీవాడు. అదొక్కటే."

కామా మేడమ్ ఫోన్ పెట్టేసి బీరువాలోంచి ఆ ఒప్పందం తీసింది. ఆ మూడు నెలల్లో అన్నిటికంటే పెద్ద అమ్మకం అది. వెనక్కి ఇచ్చే వీలున్న సరుకుని పూర్తిగా అమ్మేసినట్టు లెక్కల్లో చూపించకూడదు. ఒప్పందంలో చూస్తే అసలు ఆ ఊసే లేదు.

అమ్మింది సరేగారు. కొనేవాళ్లు ఏమడిగినా సరే అనేస్తాడని ఆ పేరు. కలుపుగోలు మనిషి, నవ్వు ముఖం. పనిబడితే ఆవిణ్ణి అక్కయ్యా అంటాడు, లేకపోతే మేడమ్ అంటాడు. కబురు చెయ్యగానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏదో నోటిమాట అక్కయ్యా. ఆవిడ బేరం తెగనివ్వకపోతే అన్నాను."

"రేపు ఆవిడ నిజంగా వెనక్కి పంపితే వద్దంటావా?"

"ఎలా అంటాను, మాటిచ్చాక."

"మరి అమ్ముడైనట్టెలా అవుతుంది బాబూ?"

అప్పుడు అతను అసలు సంగతి చెప్పాడు. ఎక్కువ అమ్మినవాళ్లకి కంపెనీ ఇచ్చే ఆ ఏటి మొదటి బహుమతి ఈ అమ్మకంతో అతనిదే. భార్యాభర్తలిద్దరికీ సముద్రం పక్కన హోటల్లో వారం రోజులు. భార్య అప్పుడే పెట్టెలు కూడా కొనేసింది. "మీరు ఫోన్ చెయ్యకపోతే ఏ గొడవా ఉండేది కాదు కదా" అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా.

అది ఆవిడకి మనసులో గుచ్చుకుంది. అయినా లేచి ఎండీగారి గదికి వెళ్లింది. ఇంతకుముందు ఆయన్ని ఆపింది ఒక కామా కోసం. ఇప్పుడు ఆపాల్సింది మూడు నెలల లెక్కలని.

ఆయన అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ అమ్మకం తీసేస్తే లాభం ఎంత పడిపోతుందో తెలుసా?"

"తెలుసు సార్."

"మీకు ఈ సంగతి తెలియకపోయుంటే ఏం చేసేవారు?"

"సంతకం పెట్టేసేదాన్ని. తెలిసింది కాబట్టి పెట్టలేను."

"ఈ ఒక్కసారికీ..." అని ఆగిపోయాడాయన. "ఇప్పుడు నాకూ తెలిసిపోయింది కదా" అన్నాడు చివరికి. విసుగ్గా అన్నా, అంతలోనే తనకే నవ్వొచ్చింది. "వెళ్లి ఆవిడతో మాట్లాడి, ఏదున్నా కాగితం మీద పెట్టించండి. అతన్ని కూడా వెంటబెట్టుకెళ్లండి."

బేకరీ యజమానురాలు ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లి, వేడి వేడి బన్నులు పెట్టి మరీ మాట్లాడింది. "నేనేమీ వెనక్కి ఇవ్వనమ్మా. బ్రహ్మాండంగా పని చేస్తున్నాయి. కానీ ఇవ్వచ్చు అన్న మాట చేతిలో ఉంటే నాకు ధీమా. దాన్ని వదులుకోను." వదులుకోమని వీళ్లూ అడగలేదు. ఆ హామీని ఒప్పందానికి జతచేసి రాశారు. ఆరు నెలలయ్యేదాకా ఆ అమ్మకాన్ని లెక్కల్లో పక్కన పెట్టారు. అది మినహాయించాక మాత్రమే కామా మేడమ్ సంతకం పెట్టింది, దానిపైన ఎండీగారు పెట్టాడు. వాటా ధర కొన్నాళ్లు కిందికి దిగి, మళ్లీ దాని చోటికి అది వచ్చింది. భూమేమీ బద్దలవ్వలేదు.

బహుమతి వేరేవాళ్లకి పోయింది. సరేగారు కొన్నాళ్లు ఆవిణ్ణి అక్కయ్యా అనలేదు, మేడమ్ అని కూడా అనలేదు. ఎదురుపడితే గోడ మీది క్యాలెండర్ చూసేవాడు. ఆవిడకి బాధగానే ఉండేది. ఇంతలో అతని భార్య, కొన్న పెట్టెలు అటక మీద పెట్టడానికి ససేమిరా ఒప్పుకోకపోవడంతో సొంత ఖర్చుతోనే సముద్రానికి వెళ్లొచ్చారు. తిరిగొచ్చిన రోజు సరేగారు కామా మేడమ్ బల్ల మీద చిన్న గవ్వల బొమ్మ పెట్టాడు.

"ఇది కానుక అక్కయ్యా, హామీ కాదు. వెనక్కి ఇవ్వడానికి వీల్లేదు."

ఆవిడ నవ్వలేక చచ్చింది. అప్పటినుంచి అతను ఎక్కడ బేరానికి కూర్చున్నా, ఒప్పుకునే ముందు బయటికొచ్చి ఆవిడకి ఫోన్ చేసేవాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. మెట్ల కింది గది ముందు మనుషులు నిలబడటం ఎక్కువై, దారికి అడ్డమొస్తోందని పైఅంతస్తులో రెండు కిటికీల గది ఇచ్చారు. సంగతి విని అత్తగారు, "గాలి వస్తుందా?" అని మాత్రం అడిగింది. వస్తుందంటే తృప్తిపడింది.

ఆరు నెలలు దాటాయి. ఓవెన్లు ఉన్నచోటే ఉన్నాయి. బేకరీ యజమానురాలు ఇంకో దుకాణం తెరుస్తూ మరికొన్ని కావాలంది. కాకపోతే, ఈసారి ఒప్పందం మొత్తం కామా మేడమే వచ్చి చదివి వినిపించాలని షరతు పెట్టింది. కౌంటరు వదిలి వెళ్లే తీరిక ఆవిడకి లేదు. అందుకని కామా మేడమ్ కౌంటరు పక్కనే స్టూలు మీద కూర్చుని చదువుతుంటే, ఆవిడ చిల్లర ఇస్తూ, రొట్టెలు పొట్లం కడుతూ, ఊఁ కొడుతూ వింది.

"యంత్రం చెడిపోయినచో తగిన సమయంలో బాగుచేయబడును" దగ్గరికి వచ్చేసరికి, వరసలో రొట్టె కోసం నిలబడ్డ ఒక ముసలాయన కల్పించుకున్నాడు.

"తగిన సమయమంటే ఎంతండీ? మా ప్లంబరు కూడా ఆ మాటే చెప్పి పోయాడు. ఇంతవరకూ అజాపజా లేడు."

వరసంతా నవ్వింది. యజమానురాలు చేతిలో పొట్లంతో ఆగిపోయి, "అవును సుమా, ఎంత?" అంది. వెంట వచ్చిన సరేగారు కామా మేడమ్ వంక చూశాడు. ఆవిడ కలం తీసి 'తగిన సమయంలో' కొట్టేసి, 'రెండు రోజుల్లో' అని రాసి, పైకి చదివింది.

"ఇది బాగుంది" అన్నాడు ముసలాయన, రొట్టె సంచిలో వేసుకుంటూ. "తర్వాతది చదవండి. నాకేం తొందర లేదు."