నూకరాజు గారు కదలనివ్వని కారు

షెడ్డు తలుపు తీయగానే నిన్న దించిన ఇంజన్ ఆయిల్ వాసన గుప్పున కొడుతుంది. మాడినట్టు, కాస్త చేదుగా ఉంటుంది. మా ఇంట్లో వాళ్లంతా ముక్కు మూసుకుంటారు గానీ నాకు ఆ వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. నూకరాజు గారు పక్కనే నిలబడి అరుస్తున్నట్టుంటుంది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసుంటే బాగుండేది.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆయన గ్యారేజి. తొంభైల చివర్లో ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని అక్కడ సూపర్‌వైజర్‌గా చేరాను. ఆడపిల్లకి గ్యారేజిలో ఏం పనని బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఆయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "సేతులు మసైపోతే ఏడవ్వు గదా?" అన్నారు. "మీరు ఏడుస్తారా?" అన్నాను. పగలబడి నవ్వి పానా నా చేతిలో పెట్టారు. అదే నా ఇంటర్వ్యూ.

అణకువ గల మనిషేం కాదు. మీసం దువ్వుకుంటూ, "ఇచ్ఛాపురం కాణ్నించి తుని దాకా ఇంజన్ మాట ఇనగలిగినోణ్ని నానొక్కణ్నే" అనేవారు. అబ్బో, గొప్పలకేం తక్కువలేదు అనుకున్నాను. ఒకరోజు టీ తాగుతుంటే ఓ కారు సందు మలుపు తిరిగింది. ఆయన గ్లాసు దించకుండానే, "మూడో సిలిండర్ ఏడత్తంది" అన్నారు. విప్పి చూస్తే నిజంగా మూడోదే! నాకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు నుంచి ఆయన గొప్పలకి నవ్వడం మానేశాను.

ఒక్కటి మాత్రం ఆయనకి గిట్టేది కాదు. ఆయనది చేపలవేట కుటుంబం. రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకుని, తర్వాత కార్లలోకి వచ్చారు. ఎవరైనా నోరు జారి "పడవల మెకానిక్" అన్నారంటే ఆ పూటంతా మొహం మాడ్చుకునేవారు.

రెండువేల దశకం మధ్యలో సీతమ్మధార నుంచి ఒక రిటైరైన ఓడ కెప్టెన్ గారు తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చారు. అరవైల నాటి విదేశీ బండి. రెండే సీట్లు, పైన కప్పు లేదు, విడిభాగాలు ఈ దేశంలో దొరకవు. ఇంజన్ పోయిందంటే బండి పోయినట్టే. కెప్టెన్ గారికి చూపు మందగిస్తోంది. "పాత కార్ల ఊరేగింపు ఉందయ్యా. మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి దాకా ఒక్కసారి నడుపుతాను. తర్వాత స్టీరింగ్ ముట్టుకోను" అన్నారు.

నూకరాజు గారు ఆ బండిని పసిపిల్లాడిని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఇంక ఆయిల్ పోయడమే తరువాయి. "పాత ఇంజన్ కదండీ, పడవలకి పోసే చిక్కటి డీజిల్ ఇంజన్ ఆయిల్ పనికొస్తుందేమో" అన్నాను.

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "ఏటి? ఈ మారాజు బండికి సేపల పడవ నూనా? మతుండే మాటాడతన్నావా?"

సరే, నోరు మూసుకున్నాను. ఆయన షాపులన్నీ గాలించి అన్నిటికన్నా ఖరీదైన, అప్పుడే కొత్తగా వచ్చిన పల్చటి ఆయిల్ తెచ్చి పోశారు. కొన్నాళ్లు నడిపి చూశాం. హాయిగా తిరిగింది.

ఊరేగింపు నాటి ఉదయం కెప్టెన్ గారింటి ముందు చుట్టాలు, ఇరుగుపొరుగు, అంతా సందడే. బానెట్ మీద బంతిపూల దండ. కెప్టెన్ గారి భార్య పట్టుచీరలో పక్క సీట్లో కూర్చున్నారు. ఇంజన్ స్టార్టయింది, అందరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు గారు మాత్రం తల పక్కకి వంచారు. నాకేమీ వినిపించలేదు, ఒట్టు. ఆయన ఇంజన్ ఆపించి, ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి, ఆ తడిని వేళ్లతో నలిపి ఎండలో పెట్టి చూశారు. వేళ్ల మీద సన్నటి ఇనుప మెరుపు.

"బాబూ, ఇయ్యాల బండి కదల్దు" అన్నారు.

చుట్టాలు ఒక్కసారిగా మీద పడ్డారు. కెప్టెన్ గారి భార్య, "బాగానే మోగింది కదయ్యా, ఒక్కసారికి వెళ్లిరాదా?" అని బతిమాలినట్టు అడిగారు.

"ఎల్తాదమ్మా. భీమిలి ఎల్తాది. తిరిగి రాదు." వేళ్లు చొక్కాకి తుడుచుకున్నారు. "తప్పు నాదే. తప్పు నూనె పోసీసినాను. పడవ నూనె పోత్తే నా పరువు పోద్దనుకున్నాను. నా డాబు కోసం పోసినాను."

అంత మీసమున్న మనిషి, అంతమందిలో! ఆయన నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత ఇంజన్ చెడినా పాతబండి కదా అని సరిపెట్టుకునేవాళ్లు.

గ్యారేజికి తెచ్చి ఇంజన్ మూత విప్పాం. వాల్వుల్ని నొక్కే కామ్‌షాఫ్ట్ అంచున గీతలు పడటం మొదలైంది. ఆ కాలపు ఇంజన్లలో అక్కడ ఇనుము ఇనుముతో నేరుగా రాసుకుంటుంది. అరగకుండా కాపాడే జింక్ మందు ఆయిల్లో దండిగా ఉండాలి. కొత్త కార్ల కోసం చేసిన ఆ పల్చటి ఆయిల్లో అది తగ్గించేశారు. పడవల ఆయిల్లో మందూ ఉంది, వేడికి నిలబడే చిక్కదనమూ ఉంది. గీతలు పైపైనే ఉన్నాయి కాబట్టి నున్నగా సానబట్టి బండిని బతికించారు.

ఆయిల్ కోసం రేవుకి ఆయనే వెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. "ఏటి బావా, కార్లోడివైపోనావు, మల్లీ మా నూనెకే వచ్చినావా?" అని ఒకాయన ఆటపట్టించాడు. మొహం మాడుతుందనుకున్నాను. "వచ్చినాను బావా, నాకు పని నేర్పింది ఇదే గదా" అని డబ్బా భుజానికెత్తుకున్నారు.

ఊరేగింపు ఎలాగూ అయిపోయింది. దండలూ చప్పట్లూ లేని ఒక మామూలు ఉదయం కెప్టెన్ గారు భార్యతో భీమిలి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చారు. బండి దిగుతూనే మసి చొక్కాతో ఉన్న నూకరాజు గారిని గట్టిగా కావలించుకున్నారు. ఆ తర్వాత కెప్టెన్ గారు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

"అంతమందిలో ఎలా అనగలిగారండీ?" అని అడిగాను ఆ సాయంత్రం.

"సిగ్గుదేటమ్మా, నాల్రోజుల్లో పోద్ది. అరిగిపోయిన ఇనుము మల్లీ వత్తాదేటి?" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గ్యారేజి నాది. కస్టమర్ల ముందు, నా దగ్గర పనిచేసేవాళ్ల ముందు "తప్పు నాదే" అనాల్సిన రోజులు నాకూ వస్తుంటాయి. అంటాను. అనేముందు ప్రతిసారీ కాళ్లు వణుకుతాయి. ఆ ఉదయం ఆయన కాళ్లూ వణికే ఉంటాయి. పక్కనే నిలబడి కూడా నేను చూడలేదు.