బాల్‌నర్సింహ కేస్ షీటు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఒకే పేరు ఇద్దరికి ఉంటే అందులో వింతేమీ లేదని లెక్కగట్టి చూపించడమే నా చదువు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2008లో బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాను. ఆసుపత్రుల్లో మూలన పడివున్న రోగుల సమాచారాన్ని కంప్యూటర్‌తో పనికొచ్చేలా చేసే శాస్త్రం అది. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మా అన్న బాల్‌నర్సింహ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు. "మా చెల్లె సూదులేసే డాక్టర్ కాదు. కాగితాల డాక్టర్."

మాది జనగామ దగ్గర పల్లె. నాన్న కొమురయ్య మా చిన్నప్పుడే పోయాడు. ఉప్పల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో అన్నా, వదినా, నేనూ ఉండేవాళ్లం.

మొదటి ఏడాది క్లాసులు. తర్వాత రాత పరీక్ష, ఆ తర్వాత అంశం ఖాయం చేసుకోవడం. ఒకే మనిషి ఒకే ఆసుపత్రికి మూడుసార్లు వెళ్తే పేరు మూడు రకాలుగా రాస్తారు, కాగితాల్లో ముగ్గురైపోతాడు. ఆ ముగ్గురూ ఒకరేనని పట్టుకునే ప్రోగ్రామ్ రాయడం నా పని. పాత కాగితాలు చూడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి రావడానికే దాదాపు ఏడాది పట్టింది.

నాచారంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు తమ పాత కేస్ షీట్లు ఇచ్చారు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. వెనక గదిలో పొద్దున పది నుంచి నాలుగింటి దాకా కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. మా గైడ్ పెట్టిన నియమం ప్రకారం ప్రతి షీటునూ ఇద్దరు విడివిడిగా ఎక్కించాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. ఒకరి పొరపాటు రెండోవారి దగ్గర బయటపడుతుంది. ఆ రెండో మనిషి మా ల్యాబులోనే పనిచేసే మాధవి. వాళ్ల నాన్న రైల్వేలో చేసేవారు.

ఒక మధ్యాహ్నం ఒక షీటు వచ్చింది. పేరు బాల్‌నర్సింహ. తండ్రి కొమురయ్య. ఊరు మాదే. పదేళ్ల కిందటిది. అడుగున ఎర్ర సిరాతో ఒక యాంటీబయాటిక్ పేరు, పక్కన 'పడదు, ఇవ్వవద్దు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. దాన్ని అలర్జీ గడిలో ఎక్కించాను. పెద్దగా ఏమీ అనిపించలేదు. మా వైపు ఆ పేర్లు కొత్తవేం కావు.

రోగుల పేర్లు ఆ గది దాటకూడదని నియమం. అయినా సాయంత్రం అన్నకు చెప్పాను. ఆ తప్పు నాదే.

"నేనా?" అని నవ్వాడు. "ఆ దవాఖానా గడపే తొక్కలె. గాడు ఇంకెవడో ఉంటడు. జొరమొస్తె నేను గోలీ మింగుడే, సూది ఎరగ."

రెండేళ్ల తర్వాత, నేను థీసిస్ అధ్యాయాలు రాసుకుంటున్నప్పుడు, ఒకరోజు పదకొండు గంటలకు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. మెషీన్ మూత అంచుకు అన్న చెయ్యి లోతుగా తెగింది. తోటి కార్మికుడు బండి మీద ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కు తెచ్చాడు. ఆటోలో వెళ్లేసరికి అన్న మంచం మీద ఉన్నాడు, చేతికి కట్టు.

"ఏం గాలే చెల్లె. ఫికర్ చెయ్యకు."

నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. సీసా మీది పేరు చదివాను. ఎర్ర సిరాలో చూసిన పేరే.

"ఆగండి. ఆ సూది ఆయనకు పడదు" అన్నాను.

డాక్టర్ ఇటు తిరిగారు. "ఇంతకుముందు ఎప్పుడన్న వేసిన్రా?"

"లేదు సార్."

"మరి పడదని ఎట్ల తెలుసు?"

"కాగితంలో చూశాను."

ఎవరి కాగితమో చెప్పలేదు. ఆయన నా మొహం చూసి వాదించలేదు. ముందు చర్మం కింద ఒక్క చుక్క వేసి చూద్దామన్నారు.

ఆ చుక్కకే పది నిమిషాల్లో చెయ్యంతా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచాయి. ఊపిరి పిల్లికూతలా వచ్చింది. ఆక్సిజన్ పెట్టి, విరుగుడు మందులిచ్చారు. కుదుటపడటానికి గంటకు పైనే పట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"మొత్తం మందు నరంలకు పోయుంటే కష్టమయ్యేదమ్మ" అన్నారు డాక్టర్. మందుల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పొడి పీల్చినవాళ్లకు ఇలా అవుతుందట. "ఆ కాగితం కాపీ ఒకటి తెచ్చి దగ్గర పెట్టుకోండి."

మూడో రోజు కాపీ కోసం నాచారం వెళ్లాను. నంబరు నా దగ్గరే ఉంది. షీటు దొరికింది. అదే పేరు, అదే తండ్రి పేరు, అదే ఊరు, అదే చేతిరాత. ఎర్ర సిరా వాక్యం మాత్రం లేదు.

రెండు వైపులా చూశాను. కిటికీ వెలుగులో పెట్టి చూశాను. చెరిపిన గుర్తు లేదు, చింపిన అంచు లేదు. గది చూసుకునే ఆమెను అడిగాను. "మీరు కట్టినంక ఆ కట్ట ఎవ్వరు ఇప్పలె మేడం" అంది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో మేం ఎక్కించిన పట్టిక తెరిచాను. నేను ఎక్కించిన దాంట్లో మందు పేరు ఉంది. మాధవి ఎక్కించిన దాంట్లోనూ ఉంది. తను అప్పటికి బెంగళూరులో ఉద్యోగంలో ఉంది. ఫోన్ చేసి, అన్న సంగతి చెప్పకుండా, ఆ నంబరు షీటు గుర్తుందా అని అడిగాను.

"మీ ఊరి అతనిదేగా? ఎర్ర ఇంకుతో రాసింది. ఆ కట్టలో ఎర్రగా ఉన్నది అదొక్కటే. ఏం, ఏమైంది?"

"ఊరికే" అన్నాను.

ఊళ్లో కూడా అడిగించాను. కొమురయ్యలు ముగ్గురున్నారు. కొమురయ్య కొడుకు బాల్‌నర్సింహ అంటే మా అన్న ఒక్కడే.

కాగితానికీ పట్టికకూ పొంతన లేకపోతే ఆ రికార్డు తీసెయ్యాలన్నది గైడ్ నియమం. తీసేశాను. థీసిస్‌లో దాని గురించి ఒక్క వాక్యం రాశాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నా వైవా. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పుతూ ఆ వాక్యం దగ్గర ఆగి, ఈ ఒక్కటి ఎందుకు తీసేశావని అడిగారు.

"కాగితంలో ఉన్నదీ, మేమిద్దరం ఎక్కించిందీ కలవలేదు సార్."

"ఇద్దరూ ఒకేలా ఎక్కించారంటే పొరపాటు మీది కాదు. మరి ఎవరిది?"

ఆరేళ్లుగా అన్ని రకాల ప్రశ్నలకూ సిద్ధమై వచ్చాను. ఇది వాటిలో లేదు.

"తెలియదు సార్" అన్నాను.

ఆయన పెన్సిల్‌తో ఏదో గుర్తు పెట్టుకుని తర్వాతి పేజీకి వెళ్లారు. ఇన్నేళ్లయినా నాకు తెలిసింది అంతే.