చక్రాల కుర్చీకి దారి ఉన్న బీచ్

గల్ఫ్‌లోని కల్బా బీచ్‌లో మా బావమరిది అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అక్కను కారులోనే కూర్చోబెడదాం బావా. ఏసీ ఏసిపెడతా. ఇసకలో ఆ కుర్చీ యాడ కదులుద్ది?"

నా భార్యకు పక్షవాతం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆమె మాట వినడం మానేశాయి. బావమరిది, అతని భార్య, ఇద్దరు పిల్లలు చాపలూ హాట్‌ప్యాకులూ తీసుకుని నీళ్ల దగ్గరికి వెళ్లారు. మేమిద్దరం కారులో ఉండిపోయాం. కాసేపటికి బావమరిది భార్య ప్లేట్లో బిర్యానీ తెచ్చి కిటికీలోంచి అందిస్తూ, "ఇక్కడ్నించి వ్యూ బాగుంది గదా వదినా" అంది. అదీ గుర్తుంది. నా భార్య నవ్వి, బాగుంది అంది. నేను ప్లేటు ఒళ్లో పెట్టుకుని తిన్నాను. ఉప్పు తక్కువైందో సరిపోయిందో తెలియలేదు.

నేను ఇలాంటివి మరిచిపోయే మనిషిని కాను. షార్జా రోలాలో మేముండే బిల్డింగ్‌లో లిఫ్ట్ పాడైతే తొమ్మిది రోజులు నా భార్య మూడో అంతస్తు దిగలేదు. బిల్డింగ్ కాపలా చూసే నాతూర్‌ను ఎప్పుడడిగినా "బుక్రా, బుక్రా" అని రేపటి మీదికి నెట్టేవాడు. బిల్డింగ్ ఓనరుకు నేను రోజుకో ఉత్తరం రాశాను. లిఫ్ట్ బాగైంది. ఆ నాతూర్ ఇప్పటికీ నాకు సలాం చెప్పడు. చెప్పకపోతే పోయె. ఇండస్ట్రియల్ ఏరియాలో స్పేర్ పార్ట్స్ గోడౌన్‌కు నేను ఇన్‌చార్జిని. పెట్టె మీద రాసింది పెట్టెలో లేకపోతే వెనక్కి పంపడమే నా పని. ఇంట్లోనూ అదే అలవాటు.

నిజం చెప్పాలంటే, ఆమెకు అలా అయ్యాక ఆ రెండేళ్లలో నాకు ఫిర్యాదులు తప్ప వేరేదేమీ స్పష్టంగా గుర్తులేదు. ఏడుపు రాలేదు. పనికి వెళ్లాను, వచ్చాను, ఆమె కాలికి నూనె రాశాను, పడుకున్నాను. ఎవరైనా "ఎట్టుండావన్నా" అంటే "బాగుండాను" అనేవాణ్ణి. అందులో అబద్ధం కూడా లేదు. ఎలా ఉన్నానో నాకే తెలియదు.

నా భార్య నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. కల్బా నుంచి వచ్చాక ఒకరోజు ఫిజియోథెరపీ చేయించుకుంటూ, నాతో కాదు, ఆ చేయించే అమ్మాయితో అంది. "మెడదాకా నీళ్లలో ఒక్కసారి కూర్చోవాలనుంది." ఆ అమ్మాయి మలయాళీ. ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ మరుసటి ఏడాది బక్రీద్ సెలవులకు సైప్రస్ వెళదామని బావమరిది అన్నాడు. వాడు దుబాయ్‌లో పెద్ద ఆఫీసులో పనిచేస్తాడు. టికెట్లు, వీసాలు, హోటలు తను చూస్తానన్నాడు. "బీచ్ నేను చూస్తాను" అన్నాను. అందరూ నావైపు చూశారు. ఎందుకో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడు వారాలు పని నుంచి రాగానే అదే పని. నెట్‌లో ఆ ద్వీపంలోని ప్రతి బీచ్ పేరు కిందా కుటుంబాలకు అనుకూలం అని రాసి ఉంది. దేనికి అనుకూలమో చదివితే తెలుస్తుంది: ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, నీళ్లు లోతు లేవు, పిల్లలకు జారుడుబల్ల ఉంది. కారు ఆపే చోటు నుంచి ఇసుక దాకా ఎన్ని మెట్లున్నాయో ఒక్కరూ రాయలేదు. టాయిలెట్ తలుపు ఎంత వెడల్పో ఎవరికీ పట్టలేదు. చక్రాల కుర్చీలో మనిషి ఉంటే అది కుటుంబం లెక్కలోకి రాదు కాబోలు. గులకరాళ్ల బీచ్‌లు కొట్టేశాను. పాటలు మోగే బీచ్‌లు కొట్టేశాను. ఎవరెవరో పెట్టిన ఫోటోలు పెద్దవి చేసి, నవ్వుతున్న పిల్లల వెనక నేల ఎలా ఉందో చూశాను. అక్కడి మున్సిపాలిటీలకు మెయిళ్లు పెట్టాను. ఒకరు జవాబిచ్చారు.

వాట్సాప్ గ్రూపులో బావమరిది వేళాకోళం.

"బావా, వాటర్ స్లయిడ్ ఉండేది చూడు, పిల్లోళ్లు అడగతన్నారు."

"ఇంకా తేలలేదా? బీచ్ చూడమంటే టెండర్ పిలిచినట్టుండాదే!"

అతని భార్య నవ్వే బొమ్మలు మూడు పెట్టింది. బీచ్ దొరికాక నేను దాని ఫోటో పెట్టాను. తూర్పు తీరంలో సముద్రం లోపలికొచ్చిన చిన్న వంపు. రోడ్డు మీంచి ఇసుక దాటి చెక్కల దారి, దాని చివర సిమెంటు గట్టు. గట్టు నుంచి నీళ్లలోకి రెండు పట్టాలు. నడవలేని వాళ్లను కూర్చోబెట్టి నీళ్లలోకి దించే కుర్చీ ఒకటి వాటి మీద జారుతుంది. నా భార్యకూ ఫోన్ ఇచ్చి చూపించాను. ఆమె దాన్ని నా చేతికి తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది.

అక్కడికెళ్లాక మొదటి రెండు రోజులు బావమరిది వేసిన ప్లాన్ ప్రకారం కొండ మీది ఊళ్లూ పాత కోటలూ. ప్రతిచోటా మెట్లు. మేమిద్దరం కింద కాఫీ తాగాం. మూడో రోజు బీచ్.

మూడో రోజు సాయంత్రం ఐదున్నరకు హోటల్ నుంచి బయల్దేరాం. ఆ టైం ఎవరు పెట్టారని నన్ను అడిగితే చెప్పలేను. ఎవరూ పెట్టలేదు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లున్న వాళ్లకు సముద్రమంటే సాయంత్రం. ఎండాకాలంలో పొద్దు వాలాక ఇచ్చే అసర్ నమాజు బాంగు వినిపించాకే మేం చాపలు చుడతాం. హిందువులమైనా మా గడియారం అదే. పగలు ఆ ఇసుక మీద కాలు పెట్టలేం, నీళ్లు కాచినట్టుంటాయి. అందుకని హోటల్ వంటింట్లో బతిమాలి వండించుకున్న అన్నం రెండు హాట్‌ప్యాకుల్లో సర్దుకుని, పద్ధతి ప్రకారమే వెళ్లాం.

చెక్కల దారి మీద మేం దిగుతుంటే జనమంతా ఎదురొస్తున్నారు. తడి తువ్వాళ్లు, మడిచిన గొడుగులు, నిద్రమొహం పిల్లలు. దిగుతున్నది మేమొక్కళ్లమే. సూర్యుడు ఇంకా బాగా పైనే ఉన్నాడు. గట్టు మీద ఆ కుర్చీకి నీలం గుడ్డ కప్పి, గొలుసు వేసి, తాళం పెట్టి ఉంది. అది చూసే మనిషి ఐదింటికే వెళ్లిపోతాడని ఐస్‌క్రీమ్ కొట్టామె చెప్పింది. ఎంత వెలుగుందో చూడమని ఆమెకు ఆకాశం చూపించాను. ఆమె ఆకాశం చూసి, నన్ను చూసి, షట్టర్ సగానికి దించింది.

ఇంతలో నీళ్లలోకి పరిగెత్తిన పిల్లలు కేకలేస్తూ వెనక్కొచ్చేశారు. "డాడీ, ఐస్ వాటర్! ఐస్ వాటర్!" చల్లటి సముద్రం ఉంటుందని వాళ్లకు తెలియదు.

బావమరిది నడుం మీద చేతులు పెట్టుకుని కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "మూడు వారాలు జూసినావే బావా! మెట్లు లెక్కబెట్టినావు, టాయిలెట్ తలుపు గొల్చినావు. టైం జూళ్లేదా?"

"నువ్వు చూశావా?" అన్నాను.

"బీచ్ నీదన్నావుగా. సర్లే, ఖలాస్. తినేసి పోదాం."

కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. హాట్‌ప్యాక్ మూత తీశాను, అందరికీ వడ్డించాను. నా భార్య ఆ నీలం గుడ్డ వైపు చూస్తూ కుడిచేత్తో తింటోంది.

సగం తిన్నాక బావమరిది అన్నాడు. "రేపు బోటు బుక్ జేసినా. పది గంటలకి. ఎల్లుండి ఎటూ ఫ్లైటే."

"మీ అక్క?"

"బోటోళ్లతో మాట్టాడినా బావా. నలుగురు పట్టుకుంటే ఎత్తి పెట్టేస్తామన్నారు. రెండు నిమిషాల పని."

"ఎత్తడానికి మీ అక్క బియ్యం మూట కాదు."

"ఇప్పుడు మూటన్నది ఎవురు బావా? నేనా, నువ్వా?"

"కల్బాలో నువ్వు..."

"అబ్బా, మళ్లా కల్బా!" అని వాడు ప్లేటు కింద పెట్టేశాడు. "ఏడాదిన్నర అయింది గదా బావా ఆ కల్బా."

అప్పుడు నా భార్య మాట్లాడింది. పక్షవాతం వచ్చాక ఆమె మాట నెమ్మదించింది. ఒక్కో మాటా పేర్చుకుంటూ చెబుతుంది, మేం ఆగాల్సిందే. "మీరిద్దరూ నన్నడగరు" అంది. "ఎత్తాలా వద్దా అని మీరే కొట్లాడుకుంటారు. రేపు మీ నలుగురూ బోటెక్కండిరా. నేను నీళ్లలోకి పోతా."

బావమరిది భార్య పిల్లల ప్లేట్లు తీసింది.

మర్నాడు తొమ్మిదింటికి మేమిద్దరమే టాక్సీలో బయల్దేరాం. దారిలో ఆమె కిటికీలోంచి చూస్తూ అంది. "ఆ రోజు కల్బాలో కారులో ఉంటానని ముందు నేనే వాడికి చెప్పినా."

"ఎప్పుడు?"

"దిగేముందు. మీరు పార్కింగ్ టిక్కెట్ మిషన్ దగ్గరుండారు. ఇసకలో నలుగురూ నన్ను లాగతా ఉంటే జనం జూస్తారని."

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అప్పటికే మీ మొహం మాడిపోయింది. ఇంకేం జెప్పేది?"

నువ్వు చెప్పినా సరే, వాడు నన్నొక మాట అడగాల్సింది అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది, నవ్వినట్టే ఉంది. ఇప్పటికీ నా మాట అదే. అడగాల్సింది.

బీచ్ నిండా జనం. కుర్చీ చూసే అతనికి నా వయసుంటుంది, వీపంతా ఎండకు కాలి ఎర్రగా ఉంది. కుర్చీ మార్చేటప్పుడు ఆమె ఎడమచేతిని ఎలా పట్టుకోవాలో నేను చూపించబోయాను. అతనికి ముందే తెలుసు. ఆమె చుడీదార్ మీదే బెల్టు బిగించి, సరేనా అన్నట్టు ఆమెనే చూశాడు. నేను చెప్పులు విప్పి ప్యాంటు మడుస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు రాబాకండి. గట్టు మీదుండండి."

"పడితే?"

"ఆయనుండాడు గదా."

కుర్చీ కదిలింది. మెల్లగా, మా గోడౌన్‌లో పార్సిళ్లు వెళ్లే బెల్టు కన్నా నెమ్మదిగా దిగింది. పాదాలు, మోకాళ్లు, నడుము. నడుం దగ్గర ఆమె గట్టిగా అరిచింది. ముందుకు వంగాను. చలికి అరిచింది, అంతే. నీళ్లు మెడదాకా వచ్చాక కుర్చీ ఆగింది. దుపట్టా విచ్చుకుని ఆమె చుట్టూ తేలింది. కుడిచెయ్యి నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తోంది. ఎడమచెయ్యి దానంతటదే తేలి పైకొచ్చింది.

ఈ క్షణంలో నాకేదో అవుతుందని మూడు వారాలూ అనుకున్నాను. ఏమీ కాలేదు. తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎండ మాడుకు తగులుతోంది. పూల టోపీ పెట్టుకున్న ముసలామె ఒకతె ఈదుకుంటూ వచ్చి కుర్చీ పక్కన ఆగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. నా భార్య తెలుగులోనే జవాబు చెప్పింది. ఆమె మళ్లీ ఏదో అంది, ఈమె మళ్లీ ఏదో అంది. నాకు మాటలు వినపడలేదు. ఇంట్లో ఆమె నాతో అంతసేపు మాట్లాడి చాలా రోజులైంది.

ఫోన్ మోగింది. బావమరిది. వెనక బోటు ఇంజిన్ చప్పుడు.

"అక్క దిగిందా బావా?"

"దిగింది."

"ఏడస్తందా?"

"లేదు. ఎవరో ముసలామెతో మాట్లాడుతోంది."

"సరే బావా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

కుర్చీ అతను రెండుసార్లు ఇక చాలా అన్నట్టు సైగ చేశాడు. రెండుసార్లూ ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి, పైన ఇంకో కుటుంబం ఎదురుచూస్తోందని చూపించాక ఒప్పుకుంది. పైకొచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. తువ్వాలు కప్పి కాళ్లు తుడిచాను.

"బాగా చలేసిందా?"

"కుడిపక్కంతా చలి. ఎడమపక్క అసలు తెలియలే." అది చెప్పి, పళ్లు టకటకలాడుతుండగా అడిగింది. "రేపు ఫ్లైట్ ఎన్నింటికి?"

"సాయంత్రం."

"అయితే పొద్దున మళ్లా రావొచ్చు."

"చూద్దాం" అన్నాను.

"చూసేదేముంది? వస్తా ఉండాం" అంది. తువ్వాలు నా చేతిలోంచి లాక్కుని తన మొహం తనే తుడుచుకుంది.